గోడ వెనక వైరుకు సంతకం ఎవరిది?

భూపాలపల్లి దగ్గరి చెల్పూరులో కాకతీయ థర్మల్ కేంద్రం ఉంది. 500, 600 మెగావాట్ల యూనిట్లు రెండు. అంత కరెంటు తయారయ్యే పాత వరంగల్ జిల్లాలోనే, జనగామలోనో మహబూబాబాద్‌లోనో మీరో ఇల్లు కడుతున్నారనుకోండి. మేస్త్రీకి గుత్తకిస్తారు. ఆయన వైరింగ్ మరొకరికి అప్పగిస్తాడు. ఆ మరొకరు ఇద్దరు కుర్రాళ్లను పంపిస్తాడు. ప్లాస్టరింగ్ అయిపోయాక ఇల్లే చూడని కాంట్రాక్టరు టెస్ట్ రిపోర్టు మీద సంతకం పెడతాడు. చిక్కంతా అక్కడే!

కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2010 నిబంధనలైనా, వాటి స్థానంలో 2023లో వచ్చినవైనా, చెప్పేదొకటే. వైరింగ్ పని లైసెన్స్ ఉన్న కాంట్రాక్టరే, అర్హత సర్టిఫికెట్ ఉన్నవారి పర్యవేక్షణలో చేయించాలి. బల్బు, ఫ్యాను మార్చడం లాంటివాటికి మాత్రం మినహాయింపు. పని ఎన్ని చేతులు మారినా ఫర్వాలేదు, సంతకం పెట్టేవాడు పని చూసి తీరాలి.

పరీక్షకు మెగ్గర్ ఉంది. తీగకూ ఎర్త్‌కూ మధ్య 500 వోల్టులు ఒక నిమిషం పెడితే నిరోధం కనీసం ఒక మెగా ఓమ్ రావాలి. అయితే గీజరుకు సన్న వైరు లాగారా, పైపు మధ్యలో అతుకేశారా అన్నది మెగ్గర్ చెప్పదు. 2000 వాట్ల గీజరు దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది మరి! గోడ మూసేశాక అది కనిపెట్టడం ఎవరి తరమూ కాదు.

అందుకే ప్లాస్టరింగ్‌కు ముందే సంతకం పెట్టే ఆయన్ను పిలిపించండి. గోడగోడకీ ఫొటోలు తీసుకోండి. మేస్త్రీ మొహం ముడుచుకుంటే ముడుచుకోనివ్వండి. చివరి వాయిదా డబ్బు మాత్రం మెగ్గర్ రీడింగ్ కళ్లారా చూశాకే.