గృహిణి - పశుపోషణము

పాడి గల యిల్లు భాగ్యవంతమని పెద్దలందురు. పాలు పితుకుట, తోడు వేయుట, వెన్న తీయుట స్త్రీల పనులనియు, కంచె వేయుట, మేత పండించుట, బీడు కాచుట పురుషుల పనులనియు మనము తలంచుచుందుము. పెండ్లియైన పండ్రెండు సంవత్సరముల వఱకు నేనును అట్లే తలంచితిని. ఆ తలంపువలన మా యింట గలిగిన నష్టమును, పిదప నేను నేర్చుకొన్న విషయములను ఇచట విన్నవించెదను.

మా వారు ఉపాధ్యాయులు. ఒంగోలు ప్రాంతమున మా మామగారి నాటినుండి వచ్చుచున్న రెండెకరముల మెట్టభూమియు, అందులో ఒక యెకరము పచ్చిక బీడును, ఒక ఒంగోలు ఆవును మాకు గలవు. ఆ యావు తొలుచూలు పెయ్యకు మా పిల్లలు మల్లిక యని పేరిడిరి. పాఠశాలనుండి వచ్చి, తాము తినుటకు ముందే దానికి గుప్పెడు తవుడు పెట్టువారు.

మా బీడు ప్రక్కనే పొరుగువారి జొన్నచేను. పంట కోసికొనిన పిమ్మట మోళ్ళు మిగిలెను. చాలదినములు వాన లేక యెండి, తరువాత ఒక్క జల్లు కురియగా ఆ మోళ్ళనుండి జానెడేసి పచ్చని పిలకలు లేచెను. రెండు భూముల నడుమ నున్నది ఎండు తుమ్మకంప కంచె. చెదలు తినివేయుటచే గాలికి అది యొకచోట కూలెను. ఒకనాటి యుదయమున మల్లిక ఆ సందున దూరి, ఆకలిమీద ఆ పిలకలను మేసెను. పసుల గాచు వృద్ధుడు దానిని మరలించి తెచ్చునప్పటికే తూలుచుండెను. నోట నురుగు, ఎగయూపిరి, ఒడలెల్ల వణకు. పండ్రెండు కిలోమీటర్ల దూరమునుండి పశువైద్యుడు వచ్చులోపలనే అది ప్రాణము విడిచెను.

దుఃఖములో నేను ఆ వృద్ధునిపై కేకలు వేసితిని. “కన్నులు మూసికొని కాచుచున్నావా, తాతా?” యని కూడ నంటిని. అతడు తలవంచుకొని, “దడి పడిపోయిందని మొన్ననే నీతో చెప్పాను గదమ్మా!” యని మాత్రము పలికెను. నిజమే. నాతోనే చెప్పెను. అది నా పని కాదను భావముచే మా వారికి చెప్ప మఱచితిని.

నాము

మన రైతులు దీనిని నాము తగులుట యందురు. లేతజొన్న ఆకులలో ఒక పదార్థము గలదు. పశువు నమలినప్పుడు దానినుండి హైడ్రోసయనిక్ ఆమ్లమను తీవ్రమైన విషము పుట్టును. అది రక్తములో గలసినంతనే, ఊపిరితో వచ్చిన ప్రాణవాయువును దేహకణములు వినియోగించుకొనజాలవు. రక్తము మిక్కిలి యెఱ్ఱగా నుండియే పశువు ఊపిరాడక చచ్చును. లేతమొక్కలందును, వానలేక వాడిన పైరునందును, కోసిన మోళ్ళనుండి లేచిన పిలకలందును ఈ విషము హెచ్చు. పైరు పూతకు వచ్చు కొలది అది తగ్గును. కావున పచ్చిజొన్నను పూతకు రాకమునుపు మేపరాదు. బాగుగా నెండిన చొప్పలో భయము స్వల్పము.

నాము తగిలినచో పశువైద్యుడు నరములోనికి ఎక్కించు మందులే శరణ్యము. అవి వెంటనే పడవలెను. ఊపిరి తిరుగని పశువు నోట బలవంతముగా ఏదియు పోయరాదు; అది ఊపిరితిత్తులలోనికి పోవును. పశువైద్యుని దూరవాణి సంఖ్యను వంటయింటి గోడమీద పెద్దయక్షరములతో వ్రాసియుంచుడు.

కంచె

చిన్ననాట మా తండ్రిగారు నాకు ధర్మశాస్త్రములు చదివించిరి. ఆ రాత్రి నిద్రపట్టక మనుస్మృతి యెనిమిదవ యధ్యాయము తెఱచితిని. ఊరి చుట్టును నూఱు ధనువుల మేర పసుల కొఱకు విడువవలెననియు, అచటి చేనికి ఒంటె తొంగిచూడలేనంత యెత్తున, కుక్కగాని పందిగాని మూతి దూర్పలేనంత దట్టముగా కంచె వేయవలెననియు అందు గలదు. కంచె లేని పైరును పసులు పాడుచేసినచో కాపరిని దండింపరాదనియు గలదు. చిన్ననాట దానిని వల్లెవేసితిని గాని యర్థము ఆనాడు బోధపడెను. తెల్లవాఱగనే ఆ వృద్ధుని యింటికి పోయి క్షమింపుమని వేడితిని. అతడు, “ముందు కంచె సంగతి చూడమ్మా!” యనెను. అతడు చెప్పినట్లే కంచె వేయించితిమి.

ఎండుకంప యొక్క సంవత్సరమునకు మాత్రమే పనికివచ్చును. అది తాత్కాలికము. శాశ్వతమైనది జీవకంచె. తొలకరిలో గచ్చ, వావిలి, కిత్తనార వంటి పసులు ముట్టని మొక్కలను రెండు వరుసలుగా, ఒక వరుస సందులకు రెండవ వరుస మొక్కలు వచ్చునట్లు నాటవలెను. మొదటి రెండేండ్లు కొనలు కత్తిరించినచో క్రింది కొమ్మలు దట్టమగును. అట్లు చేయనిచో పైన పొదయు క్రింద సందును మిగులును. దూడ దూరునది ఆ సందుననే. మొక్క లెదుగువఱకు ముళ్ళతీగ యవసరము. రాటలను రెండడుగుల లోతున పాతి, ఎనిమిది పదియడుగులకొకటి చొప్పున నిలుపవలెను. కఱ్ఱరాటలైనచో పాతు భాగమునకు తారు పూయవలెను. తీగ బిగువంతయు మూలరాటలమీదనే పడును గనుక వానికి ఊతకఱ్ఱలు తప్పనిసరి. సర్కారుతుమ్మను మాత్రము కంచెగా పెంపకుడు. పసులు దాని కాయలు తిని పేడతో గింజలను బీడంతట వెదజల్లును. కొన్నియేండ్లకు పచ్చిక పోయి ముండ్లడవి మిగులును.

మేత

కడుపునిండిన పశువు కంచె దాటుట అరుదు. నాలుగువందల కిలోల బరువు గల యావునకు దినమునకు తేమ తీసివేసిన లెక్కను సుమారు పది కిలోల మేత కావలెను. ఇరువదియైదు కిలోల పచ్చిమేతయు, ఐదుకిలోల ఎండుచొప్పయు ఇచ్చినచో అది సరిపడును. పాలిచ్చునప్పుడు తవుడు, తెలకపిండి వేఱుగా పెట్టవలెను. కేవలము వరిగడ్డితో మాంసకృత్తులు చాలవు. బావి గల యిండ్లవారు కొలది సెంట్లలో హైబ్రిడ్ నేపియర్ గడ్డి నాటవచ్చును. రెండు కణుపుల ముక్కలు నాటినచో రెండు రెండున్నర నెలలకు మొదటి కోతయు, పిదప నలువదియైదు దినముల కొకటి చొప్పున తక్కిన కోతలును వచ్చును. దానితోపాటు అలసంద, పిల్లిపెసర వంటి కాయజాతి మేతయు వేయుడు. అయితే లేతవైన కాయజాతి మేతలను తడితో, ఆకలిమీద, అధికముగా పెట్టినచో కడుపుబ్బరము కలుగును. సుబాబుల్ ఆకు మొత్తము మేతలో మూడవవంతు మించరాదు. ఏ మేతనైనను ముక్కలుగా నఱికి పెట్టినచో వ్యర్థము తగ్గును.

బీడు

పచ్చికకును విశ్రాంతి వలయును. వేరునకు బలము ఆకువలననే వచ్చును. నాలుగువ్రేళ్ళకంటె క్రిందికి మేపినచో వేరు క్షీణించి, పశువు ముట్టని కలుపు పైకి లేచును. మేము మా యెకరమును నాలుగు భాగములు చేసితిమి. వానకాలమున ఒక్కొక్కదానిలో వారము మేపి, మూడువారములు విడుతుము. వేసవిలో గడ్డి పెరుగదు గనుక బీడును విడిచి, కొట్టములోనే చొప్ప వేయుదుము. తొలకరిలో గడ్డి జానెడెత్తు రాకమునుపు పసులను తోలము. వయ్యారిభామ మొక్కను పూయకముందే, చేతులకు తొడుగులు వేసికొని పెఱికించుచున్నాము.

తమిళదేశములోని కొంగునాట, కరూరు, ఈరోడు ప్రాంతములయందు కొరంగాడు అను మెట్టబీళ్ళు గలవు. అచటి రైతులు ముల్లుకిళువ అను చెట్టును కంచెగా పెంచి, బీడును భాగములుగా విడదీసి, ఒకదాని తరువాత నొకటి మేపుదురు. నడుమ తెల్లతుమ్మ చెట్లు నీడయు, కాయమేతయు నిచ్చును. కాంగేయము పసులు పెరుగునది ఆ బీళ్ళయందే. మన యొంగోలు జాతి బ్రెజిలు దేశమునకు పోయి, నెల్లూరు పేరుమీదనే నెలోరె యని పిలువబడుచు, ఆ దేశపు విశాలమైన బీళ్ళను నింపియున్నది. పుట్టినింట దానికి ఒక యెకరము బీడును మంచి కంచెయు కల్పింపలేమా?

ఇప్పుడు ప్రతి యాదివారము ఉదయమున పిల్లలను వెంటబెట్టుకొని నేనే కంచె చుట్టును తిరిగి వచ్చెదను. వదులైన తీగ, పడిన కొమ్మ, కుక్క త్రవ్విన సందు, ఏది కనబడినను ఆనాడే బాగుచేయింతుము. తాత యేదైన చెప్పినచో వెంటనే గోడమీద వ్రాసికొందును. మల్లిక పోయిన మరుసటి యేడు ఆవు మరల పెయ్యను పెట్టెను. పిల్లలు దానికి ఇంకను పేరు పెట్టలేదు, అడిగినచో, “ముందు పెద్దది కానీ, అమ్మా!” యనుచున్నారు.

సోదరీమణులారా! మీ యింట పాడి యున్నచో ఈ వారమే ఒక్కసారి మీ కంచె చుట్టును నడచి చూడుడు. ప్రక్కచేనిలో జొన్నమోళ్ళు చిగిర్చినవేమో కనుగొనుడు. పసుల గాచువాడు చెప్పు మాటను, అది యెవరి పనియో విచారింపక, చెవినిడుడు.