పావురం ఎముకల్లోని కబురు

రండర్రా పిల్లలూ, అరుగు మీద సర్దుకుని కూర్చోండి. ఇవాళ పావురంతో మొదలుపెడదాం. ఆడ పావురం గుడ్డు పెట్టే ముందు దాని ఎముకల లోపల, మూలుగ ఉండే చోట, కొత్త ఎముక పుడుతుంది. గుడ్డు పెంకుకు కావలసిన కాల్షియాన్ని అది ముందే అక్కడ దాచుకుంటుందన్నమాట! దాన్ని చేయించేది అండాశయంలో తయారయ్యే ఈస్ట్రోజెన్ అనే హార్మోన్.

బోస్టన్‌లో ఫుల్లర్ ఆల్‌బ్రైట్ అని ఒక డాక్టరుగారు ఉండేవారు. ఈ పావురాల సంగతి ఆయనకు తెలుసు. ఆయన దగ్గరికి వెన్నుపూసలు గుల్లబారి, నడుం వంగిపోయిన ఆడవాళ్లు వస్తుండేవారు. 65 ఏళ్లు నిండకుండానే అలా అయిన 42 మందిలో 40 మంది ముట్లుడిగిన స్త్రీలేనని 1941లో ఆయన రాశారు. వాళ్లలో ఆపరేషన్‌తో అండాశయాలు పోయినవాళ్లూ ఉన్నారు. ఈస్ట్రోజెన్ తగ్గడమే కారణమా అని చూడటానికి కొందరిని ఆస్పత్రిలోనే ఉంచి, తిన్న ప్రతిదీ తూచి, మలమూత్రాల్లో ఎంత కాల్షియం పోతోందో ఓపిగ్గా కొలిచారు. ఈస్ట్రోజెన్ ఇచ్చాక ఆ పోయేది తగ్గింది. ఆ ఓపికకు దణ్ణం పెట్టాలనిపిస్తుంది నాకు.

ఒంట్లోని కాల్షియంలో నూటికి 99 పాళ్లు ఎముకల్లోనే ఉంటుంది. ఎముక మన ఇంటి గాదె అనుకోండి. రక్తానికి తక్కువైనప్పుడు అందులోంచి తీస్తారు, మళ్లీ పోస్తారు. తాళంచెవి పట్టుకుని, తీసేవాళ్ల చేయి మరీ ముందుకు సాగకుండా చూసే ఇల్లాలు ఈస్ట్రోజెన్. వయసుతో ముట్లుడిగేవాళ్లలో ఆమె మెల్లగా తప్పుకుంటుంది. అండాశయాలు తీసేస్తే మాత్రం ఉన్నట్టుండి వెళ్లిపోతుంది. మొదటి కొన్నేళ్లలోనే గాదె గబగబా తరుగుతుంది, ముందుగా వెన్నులో.

గ్లాస్గోలో రాబర్ట్ లిండ్సే, ఆయన తోటి డాక్టర్లు అండాశయాలు తీసిన స్త్రీలను ఏళ్ల తరబడి పరీక్షించి 1976లో ఫలితం చెప్పారు. ఈస్ట్రోజెన్ మాత్ర వేసుకున్నవాళ్ల ఎముక నిలబడింది. ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లది అరిగింది. మందు ఆపితే మళ్లీ అరుగుదల మొదలవుతుందని కూడా తర్వాత తేల్చారు.

ఇదంతా ఎందుకంటారా? చిన్న వయసులోనే గర్భసంచి తీయించుకునే ఆడవాళ్లు దేశంలో ఎక్కువగా ఉన్నది మన ఆంధ్ర, తెలంగాణల్లోనే. దాంతోపాటు అండాశయాలు కూడా తీశారో లేదో తెలియని అమ్మలు ఎందరో. రాగిజావ మంచిదే, వంద గ్రాముల రాగుల్లో దాదాపు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. కానీ అదొక్కటీ ఈస్ట్రోజెన్ లేని లోటు తీర్చలేదు. అలాగని ఈస్ట్రోజెన్ మాత్ర అందరికీ పడదు. రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్లకు, రక్తం గడ్డకట్టే జబ్బున్నవాళ్లకు సాధారణంగా ఇవ్వరు.

మీ ఇంట్లో అమ్మకో పిన్నికో ఆ ఆపరేషన్ అయి ఉంటే, ఆస్పత్రి కాగితం తీసుకుని డాక్టరు దగ్గరికి వెళ్లండి. అండాశయాలు ఉన్నాయా, లేకపోతే ఎముకల సంగతేమిటి అని అడగండి.