చన్నీటి యంత్రము – దానిని నడుపువాడు



మీ గ్రామమున పాల సంఘము, పాలు చల్లబరచు కేంద్రము ఉన్నచో, అచ్చట చన్నీటి యంత్రమొకటి ఉండవచ్చును. దానిని చిల్లరు అందురు. పేరు చిల్లరే గాని దాని వెల చిల్లర కాదు. అట్టి యంత్రమును మొదటిసారి నడిపించి, నడుపువానికి పని నేర్పి, సంఘమునకు ఒప్పగించుట నా వృత్తి. ఆ ఒప్పగింత కాగితముపై సంతకము చేయువారు తరచుగా మీవంటి పెద్దలే. కావున సంతకమునకు ముందు మీరు చూడవలసినదేమో మనవి చేసెదను.

పొదుగునుండి దిగిన పాలు మన దేహమువలె వెచ్చగా నుండును. ఆ వెచ్చదనమున సూక్ష్మజీవులు పెరిగి కొన్ని గంటలలోనే పాలను చెడగొట్టును. 4 డిగ్రీల సెంటిగ్రేడునకు దింపినచో వాని పెరుగుదల మందగించును. అందుకై పలుచని రేకునకు ఈవల పాలను, ఆవల చన్నీటిని పారించెదరు. పాల వేడి నీటిలోనికి పోవును. ఆ నీటిని మరల చల్లజేయునదే చిల్లరు.

యంత్రము చలిని పుట్టింపదు. వేడిని ఒకచోట తీసి మఱియొకచోట పారవేయును. మట్టికూజాపై చెమ్మ ఆవిరియగుచు లోపలి నీటి వేడిని హరించుట మీరెఱిగినదే. ఇచ్చట గొట్టములలో బంధించిన యొక ద్రవము అట్లే ఆవిరియగుచు నీటి వేడిని గ్రహించును. కంప్రెసరు ఆ ఆవిరిని అదిమి బయటి గొట్టములలోనికి నెట్టును. అచ్చట పంకాల గాలికి వేడి వెలికిపోయి, ఆవిరి మరల ద్రవమగును.

దీని శక్తిని టన్నులలో చెప్పుదురు. అది యంత్రపు బరువు కాదు. 1842లో చెన్నపట్టణపు సముద్రతీరమున ఐస్‌హౌసు కట్టి, అమెరికానుండి ఓడలలో వచ్చిన మంచుగడ్డలను నిలువచేసిరి. మంచుతోనే చల్లబరచుకొనిన ఆ దినముల కొలతయే నేటికిని నిలిచినది. ఒక అమెరికా టన్ను మంచు 24 గంటలలో కరగుచు ఎంత వేడిని హరించునో, అంత హరించునది ఒక టన్ను యంత్రము. అనగా గంటకు 3,024 కిలోకెలోరీలు. 5,000 లీటర్ల పాలను 35 డిగ్రీలనుండి 4 డిగ్రీలకు నాలుగు గంటలలో దింపుటకు సుమారు 12 టన్నులు వలయును.

ఇక ముఖ్యవిషయము. పాలు 4 డిగ్రీలకు దిగవలెనన్న, నీరు అంతకన్న చల్లగా, సుమారు 2 డిగ్రీలకు దిగవలెను. ఆ నీటిని చల్లార్చు గొట్టములు ఇంకను చల్లగా, సున్నకు దిగువను ఉండవచ్చును. వట్టి నీరైనచో అచ్చట గడ్డకట్టి, ఉబ్బి, గొట్టమును పగులగొట్టును. అందుచేత నీటిలో ప్రొపిలీన్ గ్లైకాల్ కలిపెదము. ఎథిలీన్ గ్లైకాల్ అను మఱియొకటి కలదు. అది విషము, పాల యింట అడుగు పెట్టరాదు.

కొన్నియేండ్ల క్రిందట ఒక సంఘమున నేను యంత్రమును నడిపించి, ఒక్కపూటలో నడుపువానికి మీటలు చూపి, "తొట్టిలో నీరు ఈ గీతకు దిగినచో మరల నింపవలెను" అని చెప్పి వచ్చితిని. నాలుగు నెలలకు కబురు వచ్చెను. పంపువద్ద బొట్టుబొట్టుగా కారుచుండెను. ఆ యువకుడు ప్రతిదినము బిందెతో వట్టి నీరు పోసెను. గ్లైకాల్ పలుచబడెను. ఇంతలో జల్లెడ పూడి నీటి పారుదల తగ్గెను. పారుదల తగ్గినప్పుడు యంత్రమును ఆపుటకు కాపలా మీట యొకటి కలదు. అది మాటిమాటికి ఆపుచుండగా, పాలు చెడునను భయముతో అతడు దానిని తీగతో కట్టివేసెను. గొట్టములు పగిలి, నీరు లోనికి చొచ్చి, కంప్రెసరు చెడెను. బాగుచేయించువరకు ఊరిపాలు నిలువ చేయుటకు దారిలేక పోయెను.

సభ్యులు అతనిని తొలగింపదలచిరి. అతడు నావంక చూచి, "అయ్యా, తగ్గినప్పుడు పోయుమని మీరే చెప్పితిరి గదా!" అనెను. ఆ మాటకు నావద్ద జవాబు లేకుండెను. తప్పు నాదని పెద్దల యెదుట ఒప్పుకొంటిని. పోయుమంటిని గాని, ఏమి పోయవలెనో చెప్పలేదు. మూసిన దారిలో నీరు ఊరక తగ్గదనియు, తగ్గినచో ఎక్కడనో కారుచున్నదనియు చెప్పలేదు. కాపలా మీట ఏల ఆపునో చెప్పలేదు. పని చెప్పి కారణము దాచితిని.

నాటినుండి మూడు దినములు ఉండనిదే తిరిగి రాను. మొదటి దినము నేను నడిపెదను, అతడు చూచి వ్రాసికొనును. రెండవ దినము అతడు నడుపును, నేను చేతులు కట్టుకొని చూచెదను. మూడవ దినము అతడెఱుగకుండ ఒక తిప్పుడును సగము మూసెదను; లోపము అతడే కనిపెట్టవలెను. లోనికి వచ్చు నీటికిని, వెలికిపోవు నీటికిని గల డిగ్రీల తేడా అలవాటుకన్న పెరిగినచో, పారుదల తగ్గినదేమోయని వెదకవలెను. బయటి గొట్టములవైపు పీడనము పెరిగినచో, ఊకయో దుమ్మో పట్టినదేమోయని మొదట చూడవలెను. ఇవి గంటగంటకు పుస్తకమున వ్రాసినవానికే తెలియును.

కావున పెద్దలారా, నీరు చల్లబడినదని చూచి సంతకము చేయకుడు. మీ మనిషి ఒంటరిగా మీ యెదుట యంత్రమును నడుపవలెను. ముందు పంపు, పిదప కంప్రెసరు. ఆపునప్పుడు ముందు కంప్రెసరు, పిదప పంపు. "ఏల?" అని అడుగుడు. అతడు చెప్పగలిగినచో సగము పని అయినది. అతడు పెండ్లికో జబ్బుచేతనో రాని దినమునకు రెండవవానిని గూడ నేర్పింపుడు. నేర్పవచ్చినవాడు తొందరపడినచో, నాబోటివాడైనను సరే, సంతకము చేయక కూర్చుండబెట్టుడు.

సెలవు.