కథ విని పిల్లలు ఏడిస్తే...

బిలాస్‌పూర్ రైల్వే స్టేషన్‌లో ఒక ఫలకం మీద రవీంద్రనాథ్ టాగూర్ కవిత ‘ఫాంకి’ కనిపిస్తుంది. ఫాంకి అంటే బెంగాలీలో మోసం. 1918లో వచ్చిన ‘పలాతక’ సంపుటిలోని ఈ కవితకు ఈ స్టేషనే రంగస్థలం. జబ్బు పడిన భార్య బినును గాలి మార్పు కోసం తీసుకెళ్తున్న భర్త, రైలు మారడానికి ఇక్కడ ఆరు గంటలు ఆగుతాడు. అక్కడ పరిచయమైన రుక్మిణి అనే కూలీ భార్యకు కూతురి పెళ్లి ఖర్చుకని పాతిక రూపాయలు ఇమ్మని బిను అడుగుతుంది. అతను సరేనంటాడు. చాటుగా రుక్మిణిని బెదిరించి రెండు రూపాయలతో సరిపెడతాడు. రెండు నెలలకు బిను చనిపోతుంది. బాకీ తీర్చుకుందామని అతను మళ్లీ బిలాస్‌పూర్ వచ్చేసరికి రుక్మిణి అక్కడ లేదు. ఎక్కడుందో చెప్పగలిగేవాళ్లూ లేరు.

రైలు కోసం ఎదురుచూస్తున్న ఏడేళ్ల పిల్ల ఆ ఫలకం చూపించి ‘ఇందులో ఏం రాసుంది?’ అని అడిగితే కథ ఎక్కడిదాకా చెప్పాలి? చాలామంది పెద్దలు బిను చావు దగ్గరికి రాకముందే మాట మార్చేస్తారు. ఏడుపు కథలు పసి మనసుకు బరువని వాళ్ల భయం. మనస్తత్వ శాస్త్రంలో గత నలభై ఏళ్లలో జరిగిన పరిశోధనలు చూస్తే, బరువు కథలో కన్నా దాని తర్వాతి మౌనంలోనే ఎక్కువ ఉన్నట్టు అనిపిస్తుంది.

బిలాస్‌పూర్‌లోని తెలుగు కుటుంబాల విషయంలో ఈ ప్రశ్నకు ఇంకో ముడి కూడా ఉంది. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలం నుంచి ఉత్తరాంధ్ర మనుషులు ఈ లైను వెంట పనికి వచ్చారు. 1931లో రాయ్‌పూర్-విజయనగరం మార్గం పూర్తయ్యాక రాకపోకలు ఇంకా సులువయ్యాయి. 2003లో బిలాస్‌పూర్ ఆగ్నేయ మధ్య రైల్వేకు కేంద్రమైంది. మూడో తరం, నాలుగో తరం పిల్లలు బడిలో హిందీ, ఇంగ్లీషు చదువుతారు, వీధిలో ఛత్తీస్‌గఢీ వింటారు, ఇంట్లో తెలుగు మాట్లాడతారు. తెలుగు అక్షరాలు రానివాళ్లు చాలామందే. కాబట్టి తెలుగు పుస్తకం వాళ్లకు చేరాలంటే ఎవరో ఒకరు పైకి చదివి వినిపించాల్సిందే.

అలా వినిపించదగ్గ పుస్తకాల్లో, రైల్వే కాలనీ పిల్లలకోసమే పుట్టిందా అనిపించేది ‘రైలుబడి’. జపాన్ రచయిత్రి తెత్సుకో కురొయనాగి 1981లో ప్రచురించిన ‘తొత్తొచాన్’కు ఇది తెలుగు రూపం. పాత రైలు పెట్టెల్లో తరగతులు నడిచే బడి అది. ఎవరికి నచ్చిన పాఠం వాళ్లు ముందు చదువుకోవచ్చు. నవ్వించే పుస్తకమనే దీనికి పేరు. అయితే చావు కూడా ఇందులో ఉంది. జాతరలో కోడిపిల్లలు కొనిపెట్టమని తొత్తొచాన్ మారాం చేస్తుంది. అవి బతకవు, తర్వాత నువ్వే ఏడుస్తావని అమ్మానాన్నలు ముందే చెబుతారు. చివరికి కొంటారు. కొద్ది రోజులకే అవి చనిపోతాయి. ఆ తర్వాత, పోలియో వల్ల చెట్టెక్కలేని యసువాకి అనే పిల్లవాడు, తొత్తొచాన్ కష్టపడి చెట్టెక్కించిన ఆ స్నేహితుడే, చనిపోతాడు. అతను చదవమని ఇచ్చిన పుస్తకం ఇంకా ఆమె దగ్గరే ఉండిపోతుంది. చదివి వినిపించే పెద్దవాళ్లకు గొంతు పట్టేసే చోటు ఇదే. పేజీలు తిప్పేసి ముందుకు వెళ్లాలనిపించే చోటూ ఇదే.

‘ఊరెళ్లాడు’ అంటే తిరిగొస్తాడు

చావు అన్న భావన పిల్లల్లో ఒక్కసారిగా ఏర్పడదు. మార్క్ స్పీస్, శాండర్ బ్రెంట్ 1984లో అప్పటివరకు జరిగిన అధ్యయనాలను సమీక్షించి, ఇందులో మూడు ముక్కలున్నాయని చెప్పారు. చనిపోయినవారు తిరిగి రారు. శరీరం పనిచేయడం పూర్తిగా ఆగిపోతుంది. ప్రాణమున్న ప్రతిదానికీ ఇది తప్పదు. ఎక్కువమంది పిల్లలకు ఈ మూడూ అయిదు నుంచి ఏడేళ్ల మధ్య అర్థమవుతాయి. నాలుగేళ్ల పిల్లాడు ‘తాతయ్య మళ్లీ ఎప్పుడొస్తాడు?’ అని అడగడం మొండితనం కాదు, మొదటి ముక్క ఇంకా అందలేదంతే.

మన ఇళ్లలో వాడే మెత్తటి మాటలు ఇక్కడే చిక్కు తెచ్చిపెడతాయి. ‘నిద్రపోయాడు’, ‘ఊరెళ్లాడు’, ‘దేవుడి దగ్గరికి వెళ్లాడు’ అంటుంటారు. మామూలు ఇంట్లో వీటి సంగతి ఎలా ఉన్నా, రైల్వే ఇంట్లో ‘వెళ్లాడు’ అన్న మాటకు స్పష్టమైన అర్థం ఉంది. లోకో పైలట్‌గానో గార్డుగానో పనిచేసే నాన్న సంచీ సర్దుకుని డ్యూటీకి వెళ్తాడు, ఇంకో రైలు మీద తిరిగొస్తాడు. వెళ్లడమంటే రావడంలో సగం. ఆ పిల్లకు ‘తాతయ్య వెళ్లిపోయాడు’ అని చెబితే ఏ బండికి వస్తాడని అడగడంలో తప్పేముంది?

ఆస్ట్రేలియాలో వర్జీనియా స్లాటర్ బృందం చేసిన రెండు పరిశోధనలు ఈ విషయంలో ఆసక్తికరమైనవి. గుండె, ఊపిరితిత్తులు ప్రాణాన్ని ఎలా నిలబెడతాయో బడికెళ్లని వయసు పిల్లలకు నేర్పితే చావు గురించిన వాళ్ల అవగాహన మెరుగైందని 2003లో గమనించారు. 2007లో నాలుగు నుంచి ఎనిమిదేళ్ల పిల్లలను పరిశీలించినప్పుడు, చావును జీవశాస్త్రపరంగా బాగా అర్థం చేసుకున్నవారిలో దానిపట్ల భయం తక్కువగా కనిపించింది. తెలిస్తే భయపడతారని పెద్దలు అనుకునేదానికి ఇది సరిగ్గా తలకిందులు. అయితే ఇది రెండింటి మధ్య కనిపించిన సంబంధం మాత్రమే. ఒకటి మరొకదానికి కారణమని అప్పుడే తేల్చేయలేం.

చదవడమా, మాట్లాడుకోవడమా?

కథలు చదివితే చాలు, పిల్లల్లో దయ దానంతటదే పెరుగుతుందని చెప్పే ప్రచారాన్ని కొంచెం జాగ్రత్తగా వినాలి. సాహిత్యం చదివిన వెంటనే ఎదుటివారి మనసును గ్రహించే శక్తి పెరిగిందని 2013లో ‘సైన్స్’ పత్రికలో వచ్చిన ప్రయోగం చాలా పేరు తెచ్చుకుంది. అది పెద్దవాళ్లపై చేసినది. తర్వాత ఇతర పరిశోధకులు చేసి చూస్తే ఆ ఫలితం మళ్లీ రాలేదు.

గట్టి ఆధారాలు ఇంకోచోట ఉన్నాయి. ఇటలీలో ఇలారియా గ్రాజ్జాని, వెరోనికా ఓర్నాగి తదితరులు రెండు మూడేళ్ల పిల్లలకు భావోద్వేగాలున్న చిన్న కథలు వినిపించారు. కథ అయ్యాక ఒక బృందంతో ఆ భావాల గురించి మాట్లాడారు, రెండో బృందాన్ని ఆటలకు వదిలేశారు. కథలు అవే అయినా, మాట్లాడిన బృందమే భావోద్వేగాలను గుర్తించడంలో ముందుంది. అమెరికాలో సీలియా బ్రౌనెల్ బృందం 2013లో గమనించినది ఇంకా సూక్ష్మమైనది. బొమ్మల పుస్తకం చూపిస్తూ ‘పాపం, ఏడుస్తోంది’ అని తల్లిదండ్రులు తామే చెప్పేయడం వేరు, ‘ఎలా ఉంది పాపకు? ఎందుకని?’ అని అడగడం వేరు. రెండోరకం తల్లిదండ్రులున్న పసివాళ్లే ఇతరులకు సాయం చేయడంలో, తమ దగ్గరున్నది పంచుకోవడంలో చురుగ్గా ఉన్నారు.

ఏ భాషలో అడగాలి? ఇక్కడ కొంత భౌతికశాస్త్రం పనికొస్తుంది. మనసు కదిలినప్పుడు అరచేతుల్లో కంటికి కనిపించనంత చెమట పడుతుంది. ఉప్పుతో కూడిన ఆ తడివల్ల చర్మం విద్యుత్తును కాస్త ఎక్కువగా ప్రవహించనిస్తుంది. వేళ్లకు రెండు ఎలక్ట్రోడ్‌లు పెట్టి ఆ మార్పును కొలవొచ్చు. బోస్టన్ విశ్వవిద్యాలయంలో కేథరిన్ హారిస్, సహచరులు ఇలాగే 2003లో టర్కిష్ మాతృభాషగా ఉండి, పన్నెండేళ్లు దాటాక ఇంగ్లీషు నేర్చినవారిని పరీక్షించారు. చిన్నప్పుడు పెద్దలు తిట్టే తిట్లు టర్కిష్‌లో వినిపించినప్పుడు స్పందన ఎక్కువగా వచ్చింది. పసితనం నుంచే రెండు భాషలూ వచ్చినవారిలో మాత్రం ఆ తేడా కనిపించలేదని తర్వాతి పరిశోధనలు చెప్పాయి.

దీన్నిబట్టి చూస్తే బిలాస్‌పూర్ పిల్లకు దుఃఖం హిందీలోనూ తెలుగులోనూ సమానంగానే తాకవచ్చు. తేడా నాయనమ్మకు ఉంటుంది. పెళ్లయ్యాక ఇక్కడికొచ్చి బజారులో హిందీ నేర్చుకున్న ఆమెకు, ‘బెంగగా ఉందా?’ అని అడగడానికి తెలుగే కావాలి. ఆమెకు పుస్తకం కూడా అక్కర్లేదు. పదిహేనో శతాబ్దంలో అనంతామాత్యుడు ‘భోజరాజీయం’లో చెప్పిన ఆవు-పులి కథ తెలుగు ఇళ్లలో నోటి మీదే నడుస్తోంది. దూడకు చివరిసారి పాలిచ్చి వస్తానని పులికి మాటిచ్చిన ఆవు, దూడకు బుద్ధులు చెప్పే చోట ఎన్ని తరాల పిల్లలు ముక్కు చీదుకున్నారో లెక్కలేదు. కథ సుఖాంతమే. అయినా పిల్లలు మళ్లీ మళ్లీ అడిగి చెప్పించుకునేది ఆ వీడ్కోలునే.

ఇంట్లో ఈ మధ్యే ఎవరైనా పోయి ఉంటే చావు కథను పిల్ల అడిగినప్పుడే తీయడం మంచిది. వద్దంటే మూసేయాలి. పడుకునే వేళ కన్నా పగలు మేలు, మాట్లాడుకోవడానికి టైము ఉంటుంది. చదివేవాళ్ల గొంతు వణికితే దాచుకోనక్కర్లేదు, ఎందుకు వణికిందో చెప్పొచ్చు.

ఇక స్టేషన్‌లో ఆ ఫలకం ముందున్న పిల్ల, కథ అంతా విన్నాక, బిను గురించి కాకుండా రుక్మిణి ఎక్కడికి వెళ్లిందని అడగవచ్చు. టాగూర్ జవాబు రాయలేదు. ‘నాకూ తెలీదమ్మా, నువ్వేమనుకుంటున్నావు?’ అని అడగడానికి బండి వచ్చేలోగా బోలెడంత టైము ఉంటుంది.