తలకు గాయమైనప్పుడు: పుర్రెలో ఒత్తిడి, దాని చికిత్స

ప్రమాదంలో తలకు పెద్ద దెబ్బ తగిలినవారి ఇంటివాళ్లు సాయం కోసం మన సొసైటీకి వచ్చినప్పుడు తరచుగా అడిగే మాట ఒకటుంది: "పుర్రె ఎముక తీస్తామంటున్నారు భాయ్, సంతకం పెట్టాలా?" పెట్టమనో వద్దనో చెప్పే అర్హత మాకు లేదు. డాక్టర్లు ఎందుకు అడుగుతున్నారో మాత్రం చెప్పగలం.

పుర్రె సాగని పెట్టె. అందులో ఉండేవి మెదడు, రక్తం, మెదడు చుట్టూ ఉండే నీరు. మెదడు వాచినా, రక్తం గడ్డకట్టినా మొదట ఆ నీరు కొంత పక్కకు జరిగి చోటిస్తుంది. ఆ చోటు నిండాక ఒత్తిడి ఒక్కసారిగా పెరిగి మెదడుకు రక్తం అందదు. పెద్దవారిలో మామూలుగా 15 పాదరస మిల్లీమీటర్లకు మించని ఈ ఒత్తిడి 22 దాటితే చికిత్స చేయాలని అమెరికాలోని బ్రెయిన్ ట్రామా ఫౌండేషన్ 2016లో సూచించింది.

పెద్ద గడ్డ ఉంటే ఆపరేషన్ చేసి తీస్తారు. మంచం తలవైపు 30 డిగ్రీలు ఎత్తి, మెడ తిన్నగా ఉంచుతారు. మత్తిచ్చి వెంటిలేటర్ పెడతారు. "మందిచ్చి మనిషిని పడుకోబెట్టేశారు" అని మనవాళ్లు కంగారుపడేది ఇక్కడే. కానీ రోగి దగ్గినా, పెనుగులాడినా ఒత్తిడి పెరుగుతుంది. మానిటాల్, గాఢమైన ఉప్పు సెలైన్ మెదడులోని నీటిని రక్తంలోకి లాగుతాయి. అవసరమైతే సన్నని గొట్టంతో లోపలి నీటిని బయటికి తీస్తారు. స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇవ్వలేదని గొడవపడకండి. పదివేల మందిపై జరిగి 2004లో వెలువడిన 'క్రాష్' పరిశోధనలో వాటివల్ల మరణాలు పెరిగాయని తేలింది.

ఇవేవీ పనిచేయనప్పుడే ఎముక తీసే మాట వస్తుంది. 2016 నాటి 'రెస్క్యూ ఐసీపీ' పరిశోధనలో ఆరు నెలలకు, మందులతోనే సరిపెట్టిన వారిలో నూటికి 49 మంది చనిపోగా, ఎముక తీసినవారిలో 27 మంది చనిపోయారు. అయితే తెలివిలేని స్థితిలోనే మిగిలిపోయినవారు అక్కడ నూటికి ఇద్దరైతే, ఇక్కడ ఎనిమిది మందికి పైనే. అందుకే "బతుకుతాడా?" అని అడిగి ఊరుకోకండి, "బతికితే ఎలా ఉంటాడు?" అని కూడా అడగండి. ఇంటి పెద్దలంతా కలిసి వినండి.

తీసిన ఎముకను పొట్ట చర్మం కిందో, ఫ్రీజర్‌లోనో భద్రపరచి, వాపు తగ్గాక, కొన్ని వారాలకో నెలలకో తిరిగి అమరుస్తారు. ఒక్కోసారి కృత్రిమమైనది పెట్టాల్సి వస్తుంది. అప్పటిదాకా ఆ చోట దెబ్బ తగలకుండా చూసుకోవాలి. ఈ రెండో ఆపరేషన్ ఖర్చు చాలామందికి ముందుగా తట్టదు. మొదటి బిల్లుకే ఇల్లు తాకట్టు పెట్టకముందు మా దగ్గరికి రండి. జకాత్ నిధికి అర్హులైతే రెండింటికీ కలిపి ఆలోచిద్దాం.