రాయకుండానే లెక్కపెట్టే గణితం

కందపద్యంలో వాడే గణాలు ఐదు: గగ, భ, జ, స, నల. ఛందస్సు చదివినవాళ్లంతా వీటిని బట్టీ పట్టే ఉంటారు. ఐదే ఎందుకు? ఆరోది ఎందుకు లేదు?

లఘువుకు ఒక మాత్ర, గురువుకు రెండు. కందంలో ప్రతి గణానికీ నాలుగు మాత్రలుండాలి. గణం చివర లఘువుంటే దాని ముందు మూడు మాత్రలు మిగులుతాయి, గురువుంటే రెండు. మూడు మాత్రలను మూడు రకాలుగా, రెండు మాత్రలను రెండు రకాలుగా అమర్చవచ్చు. మూడూ రెండూ కలిపి ఐదు. ఆరోదానికి చోటే లేదు. ఇలాగే కలుపుకుంటూ పోతే 1, 2, 3, 5, 8, 13 అన్న వరస వస్తుంది. పది మాత్రలకు 89 అమరికలు. గుజరాత్‌కు చెందిన జైన పండితుడు హేమచంద్రుడు 1150 ప్రాంతంలో ఈ వరసను ఛందస్సు కోసమే వివరించాడు. ఇటలీలో ఇదే వరస ఉన్న ఫిబొనాచి గ్రంథం వచ్చింది 1202లో.

అమరికలను ఒక్కొక్కటిగా రాసి చూడకుండా, వాటి నిర్మాణాన్ని బట్టి తేల్చి చెప్పే ఈ గణితమే కాంబినటోరిక్స్. అందులో మొదటి శాఖ లెక్కింపు. ఇంటర్మీడియట్‌లో చదివే ప్రస్తారాలు, సంయోగాలు దీని తొలి మెట్టు. కొన్ని వస్తువుల్లోంచి కొన్నింటిని ఎన్ని విధాలుగా ఎంచుకోవచ్చో చెప్పే సూత్రాన్ని 9వ శతాబ్దంలో మహావీరాచార్యుడు ‘గణితసార సంగ్రహం’లో ఇచ్చాడు. ఆ గ్రంథాన్ని తెనిగించినవాడు పావులూరి మల్లన.

రెండో శాఖ గ్రాఫ్ సిద్ధాంతం. కోనిగ్స్‌బర్గ్ నగరంలోని ఏడు వంతెనలనూ ఒక్కోసారే దాటి ఊరంతా తిరగగలమా? 1736లో దీన్ని తేల్చిన గణితవేత్త ఆయిలర్ దారులన్నీ వెతకలేదు. మధ్యలో వచ్చే ప్రతి చోటికీ ఒక వంతెన మీద వచ్చి మరో వంతెన మీద వెళ్లాలి. అంటే అక్కడ వంతెనలు సరిసంఖ్యలో ఉండాలి. బయలుదేరే చోటు, ఆగే చోటు మాత్రమే మినహాయింపు. ఆ ఊళ్లో నాలుగు భూభాగాలకూ వంతెనలు బేసిసంఖ్యలోనే ఉన్నాయి. కాబట్టి అసాధ్యం.

మూడోది విన్యాసాల సిద్ధాంతం. ఒక్కోదానికి రెండేసి స్థాయిలున్న ఏడు అంశాలను పరీక్షించాలంటే మొత్తం కలయికలు 128. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన సి.ఆర్. రావు 1940లలో ప్రవేశపెట్టిన ‘ఆర్థోగనల్ అర్రే’ పద్ధతిలో, అంశాల మధ్య పరస్పర ప్రభావం లేదనుకుంటే, ఎనిమిది ప్రయోగాలు చాలు. ఏ రెండు అంశాలను తీసుకున్నా వాటి నాలుగు కలయికలూ సమానంగా రెండేసిసార్లు వచ్చేలా పట్టికను అల్లడంలోనే దాని బలమంతా ఉంది. పరిశ్రమల్లో నాణ్యత పరీక్షలకు ఈ పట్టికలు నేటికీ ఆధారం.

నాలుగోది, నాకు అన్నిటికన్నా ఇష్టమైనది, రామ్‌సే సిద్ధాంతం. ఏ ఆరుగురిని తీసుకున్నా, వాళ్లలో పరస్పరం పరిచయమున్న ముగ్గురో, ఒకరికొకరు ఏమాత్రం తెలియని ముగ్గురో ఉండితీరతారు. ఒకరిని ఎంచుకోండి. మిగతా ఐదుగురిలో కనీసం ముగ్గురు ఆయనకు తెలిసినవాళ్లు, లేదా కనీసం ముగ్గురు తెలియనివాళ్లు. ముగ్గురు తెలిసినవాళ్లే అనుకుందాం. వాళ్లలో ఏ ఇద్దరికి పరిచయమున్నా ఆయనతో కలిసి ముగ్గురయ్యారు. ఎవరికీ లేకపోతే ఆ ముగ్గురే ఒకరికొకరు అపరిచితులు. రెండో సందర్భంలోనూ ఇదే తర్కం. ముగ్గురికి బదులు నలుగురు కావాలంటే 18 మంది ఉండాలి. ఐదుగురికైతే 43 కంటే తక్కువ చాలదని రుజువైంది గాని, కచ్చితమైన సంఖ్య ఇంకా దొరకలేదు. 43 మందిలో జంటలు 903; పరిచయాల అమరికలన్నీ లెక్కిస్తే వచ్చేది 272 అంకెల సంఖ్య. ఏ కంప్యూటరూ వాటిని ఒక్కొక్కటిగా చూడలేదు. అక్కడ పనికొచ్చేది ఆలోచన ఒక్కటే.

అందుకే ఈ పాఠాన్ని సూత్రాల జాబితాగా చెప్పడం పిల్లలకు అన్యాయం. ఎన్ని ఉన్నాయి, అసలు సాధ్యమేనా, ఎంత తక్కువతో సరిపెట్టవచ్చు, ఏది తప్పనిసరి? ముందు ఈ ప్రశ్నలు వేయడం నేర్పితే, సూత్రాలను వాళ్లే రాబట్టుకోగలరు.