వినోదవనములో వరుస – పసిబిడ్డ



వరుసలో నిలుచుట మనకు క్రొత్త కాదు. తిరుమలలో స్వామి దర్శనమునకు గంటల తరబడి నిలిచినవారమే. కాని నేడు మన కుమారులు, కోడండ్రు మనలను, మనుమలను వెంటబెట్టుకొని థీమ్ పార్కులనబడు వినోదవనములకు గొనిపోవుచున్నారు. అచ్చట బండి యెక్కి తిరుగుట కొద్ది నిమిషములు; దానికై నిలుచుట ఒక్కొక్కప్పుడు గంట. పెద్దలు దానిని ఓర్తురు, పసివారు ఓర్వలేరు.

గత వేసవియందు మూడేండ్ల మనుమరాలితో ఒక వినోదవనమునకు బోయితిని. ఒక బండి కొరకు నలువది నిమిషములు నిలిచితిమి. తీరా ద్వారమువద్ద ఉద్యోగి బిడ్డను కొలతకర్ర ప్రక్కన నిలిపి, ఎత్తు చాలదని వెనుకకు బంపెను. బిడ్డ నేలబడి యేడ్చెను. నలుగురిలో సిగ్గుపడి నేను దానిని గద్దించితిని. బడిలో పిల్లలకు కొలతలు నేర్పినవాడను, ఇంటి బిడ్డ యెత్తు కొలువక బయలుదేరితిని. తప్పు నాది, శిక్ష బిడ్డది. ఆ రాత్రి నిద్రలోను అది వెక్కుచుండెను. అట్టిది మీకు కలుగకుండుటకే ఈ నాలుగు మాటలు.

మొదటిది: ఇంటివద్దనే బిడ్డ యెత్తు కొలువుడు. కూర్చున్నవారిని పట్టియుంచు కడ్డీలు కొంత పరిమాణముగల శరీరమునకే సరిపోవును. చిన్న శరీరము జారిపోవచ్చును. అందుచేతనే యీ నియమము. బ్రతిమాలి లోపలికి బోవుట బిడ్డకు కీడు. అమెరికాలోని కాలిఫోర్నియాలో 1955లో తెరచిన డిస్నీలాండునందు స్పేస్ మౌంటెన్ అను బండి యెక్కుటకు 40 అంగుళముల యెత్తు కావలెను. ఇట్స్ ఎ స్మాల్ వరల్డ్ అను పడవకు ఎత్తు నియమమే లేదు. పసివారికి ఇట్టివానినే యెంచవలెను.

రెండవది: వరుసలో చేరకముందే లెక్క వేయుడు. మన ముందు 240 మంది యుండి, నిమిషమునకు ఎనమండుగురు లోపలికి బోవుచుండిన, 240ని 8చే భాగింపగా 30 నిమిషములు. వరుసలోని జనసంఖ్యకును, జనము సాగు వేగమునకును, నిరీక్షణకాలమునకును గల యీ సంబంధమును జాన్ లిటిల్ అను పండితుడు 1961లో నిరూపించెను. ఎక్కువ రుసుము చెల్లించినవారికి వేరు వరుసయున్నచో, మన వరుసనుండి పోవువారిని మాత్రమే లెక్కింపవలెను. బిడ్డ యోర్పును మించిన లెక్క తేలినచో ఆ వరుసలో చేరకుడు.

మూడవది: ఊరకయున్న కాలము దీర్ఘముగా తోచును, ఎంతసేపో తెలియని నిరీక్షణ మరింత దీర్ఘము. డేవిడ్ మైస్టర్ 1985 నాటి వ్యాసమున ఈ సంగతి వివరించెను. కావున మూత్రవిసర్జన చేయించి, నీరు త్రాగించి, పిదప వరుసలో నిలువుడు. కథ మొదటనే చెప్పివేయక, బిడ్డ విసుగుకొన్నప్పటికి దాచియుంచుడు. "అర్ధగంట" అనిన పసిబిడ్డకు తెలియదు; "ఆ స్తంభము, తరువాత ఆ మలుపు, తరువాత పడవ" అనిన తెలియును.

నాలుగవది: అందరును నిలువ బనిలేదు. డిస్నీలాండునందు రైడర్ స్విచ్ అను ఏర్పాటు కలదు. ఒకరు బిడ్డతో వెలుపల నుందురు. మిగిలినవారు ఎక్కి వచ్చిన పిమ్మట, వెలుపల నున్నవారు మరల పెద్దవరుసలో నిలువకయే ఎక్కవచ్చును. మీరు పోవు చోట అట్టిది కలదేమో ద్వారమువద్ద అడుగుడు. లేకున్నను, ముసలివారమైన మనము చెట్టునీడను బిడ్డతో గూర్చుండవచ్చును గదా!

తరువాత మరల ఆ బిడ్డతో పోయితిమి. రెండే యెక్కితిమి; ఎండ ముదురకముందే తిరిగివచ్చితిమి. బిడ్డ నా భుజముపై నిద్రించెను. ఇంటికి రాగానే కన్నులు తెరచి, "తాతయ్యా, మళ్ళీ ఎప్పుడు?" అని యడిగెను.